అరపైస

ధర్మాబాద్ మార్కెట్లో మార్చి నెల.
మిరప ఘాటుకి కీబోర్డు కూడా
ఎప్పుడో తుమ్ముతుందనుకుంటాను.
బండెవార్ సేట్ అడత్ దుకాణం, మెట్ల కింద గది,
గోనెపట్టా కప్పుకున్న కంప్యూటరు,
పొద్దున ఆరింటి నుంచి చీటీలు కక్కే ప్రింటరు.
లోపలున్న హమాలీ లెక్కల ప్రోగ్రాం
నేను రాసిందే.

ముత్తెన్న చీటీ పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు.
దాని మీద ఆయన పేరు ముత్యన్నా అని పడుతుంది,
మరాఠీ అక్షరాల్లో.
ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు.
ఇవాళ అడిగింది వేరే.

"ఇరవై ఒక్క కిలో నాలుగు వందల గ్రాముల సంచి.
కిలోకు రెండణాలు.
ఇరవైకి రెండున్నర రూపాయలాయె,
మీది కిలోకు పన్నెండున్నర పైసలు,
నాలుగు వందల గ్రాములకు ఐదు.
మొత్తం రెండు రూపాయల అరవై ఏడున్నర.
అర ఉంటే పైకెత్తాలె గద బిడ్డా,
మరి అరవై ఏడే పడ్డదేంది?"

సేట్ గల్లాపెట్టె మీద వేళ్ళు వాయించి నవ్వాడు.
పైసా బిళ్ళ చూసి ఎన్నేళ్ళయిందిరా, అన్నాడు,
రూపాయి తీసి బల్ల మీద పెట్టాడు.
ముత్తెన్న ముట్టలేదు.
"పైస వద్దు సేట్.
ఏడికి పోయిందో చెప్పుండ్రి."

ఆ రాత్రి షట్టరు సగం దించి
దశాంశాలన్నిటినీ బయటికి రమ్మన్నాను.
రెండు, చుక్క, ఆరు, ఏడు, నాలుగు,
ఆ తర్వాత తొమ్మిదులు,
వరుసగా పన్నెండు,
మొలకు తువ్వాలు చుట్టుకొని
కాటా ముందు నిలబడ్డ హమాలీల్లా.
అరకి వెంట్రుకవాసి తక్కువ.
యంత్రం అబద్ధమాడలేదు:
దాని కళ్ళకి అక్కడ అర లేదు.

మొదట రెండణాల్నే అనుమానించాను.
పాతకాలపు లెక్క, దీనికి అరగదేమో అని.
తీరా చూస్తే
అర, పావు, అరపావు, వీసం, అరవీసం
దీనికి కొట్టిన పిండి.
రూపాయిలో అరపావు
పొల్లు పోకుండా కూర్చుంది లోపల.
విరిగింది కొత్త కాటా ఇచ్చిన
ఆ పాయింట్ నాలుగు.

సగానికి తుంచడం ఒక్కటే వచ్చిన చేతికి
జొన్నరొట్టె ఇచ్చి
పదిమందికి సమంగా పెట్టమన్నాం.
సగం, సగంలో సగం, దానిలో సగం,
తుంచుతూనే ఉంటుంది పాపం.
ఎక్కడో ఒకచోట జాగా అయిపోతుంది,
చేతికంటిన పిండి దులిపేసి
ఇంతే, అంటుంది.

చుక్క తీసేశాను.
కిలోల్ని గ్రాములు చేశాను:
ఇరవై ఒక్క వేల నాలుగు వందలు, నిండు సంఖ్య.
రూపాయల్ని అరపైసలు చేశాను.
తెల్లవారుజామున ప్రింటరు
అరవై ఎనిమిది అని గీసింది.

ముత్తెన్నకి చెప్పాను, నాకు చేతనైనట్టు:
ఎవరూ తినలేదు పెద్దయ్యా,
అర దాకా రాలేక ఆగిపోయింది, అంతే.

సంచి దించి, మెడ తుడుచుకొని,
కాసేపు నా మొహం చూశాడు.
"నా భుజం మీదికైతే
పూర్తిగనే వచ్చింది గద."

ఇంకో సంచి కిందికి వంగాడు.

గోడకి ఇనుపతీగ వేలాడుతోంది,
దీపావళి నుంచి గుచ్చిన చీటీలు,
చివర్లు ఎర్రగా, కారం పట్టి.
ఎన్నిటిలో ఎవరెవరి అరలు
కిందికి జారాయో.
సేట్ తీగ తీసెయ్యమన్నాడు, గోడకి సున్నం కొట్టిస్తాడట.
మొదటి చీటీ తీసి చూశాను:
ఎవరో లక్ష్మణ్,
పందొమ్మిది చుక్క ఎనిమిది.
అక్కడే తుమ్మొచ్చింది.